ఈకలు రాల్చే కోడికి ఏం పెడుతున్నారు?

దసరా వెళ్లింది, పొద్దు పొట్టిదవుతోంది. ఒకసారి పెరట్లోకి వెళ్లి మీ కోళ్లను చూసి రండి, తరవాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

చూశారా? గూట్లో ఎక్కడ పడితే అక్కడ ఈకలు. నిన్నమొన్నటిదాకా నిగనిగలాడిన పెట్ట ఇప్పుడు మెడ మీద బొచ్చు ఊడి, తోక సగం రాలి, ఓ మూల ముడుచుకుని నిలబడి ఉంటుంది. తురాయి ఎరుపు పోయి పాలిపోయి ఉంటుంది. గుడ్డు మానేసి వారమో పది రోజులో అయి ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఈపాటికే అనేసి ఉంటారు: "దీనికేదో తెగులొచ్చింది, ఆదివారం కోసేద్దాం" అని. లేదా ఇంకొకరు, "గుడ్డు పెట్టని కోడికి గింజలెందుకు దండగ, తిరిగి ఏరుకు తింటుందిలే" అని.

మొదటి మాటకు జవాబు సులువు. అది తెగులు కాదండీ. పొద్దు తగ్గేకొద్దీ కోడి ఒంట్లో గుడ్డు పనికి సెలవిచ్చి ఈకల పని మొదలవుతుంది. మన గోదావరి జిల్లాల్లో జ్యేష్ఠంలో పగటిపొద్దు పదమూడు గంటల పైచిలుకు, మార్గశిరానికి పదకొండు గంటలకు దిగుతుంది. తేడా రెండు గంటలే, అయినా కోడికి అది చాలు. నాటు పెట్టలైతే పొద్దుతో పనిలేకుండా, గుడ్లు పొదిగి పిల్లల్ని పెంచిన తరవాత కూడా ఈకలు రాలుస్తాయి. తల, మెడ, రొమ్ము, ఒళ్లు, రెక్క, తోక, ఇంచుమించు ఈ వరసలో.

రెండో మాట కోసమే ఇవాళ కబుర్లు. గుడ్డు పెట్టని కోడికి మేత దండగ అనే ఆ ఆలోచన కోళ్లకూ చెడ్డదే, గుడ్లు తినే మనకూ చెడ్డదే. ఏడాది మొత్తంలో కోడి కడుపు ఖాళీగా ఉండకూడని రోజులంటూ ఉంటే అవి ఇవే. పెరట్లో నాలుగు కోళ్లున్నవాళ్లకూ, షెడ్డులో నలభై వేలున్నవాళ్లకూ ఇది ఒకేలా వర్తిస్తుంది.

ఒక పెట్టను పట్టుకుని, చంకలో పెట్టుకుని, నెమ్మదిగా రెక్క విప్పి చూడండి. రెక్క చివరి భాగంలో పది పెద్ద ఈకలుంటాయి. వాటికీ లోపలివైపు ఈకలకూ మధ్య ఒక పొట్టి ఈక కనిపిస్తుంది. రాలడం ఆ పొట్టి ఈక పక్కనుంచే మొదలై బయటివైపుకి వెళుతుంది. రాలిన చోట కొత్త ఈక మొలుస్తూ ఉంటుంది: నీలం రంగు కాడ, కొసన తెల్లటి పలచని పొర. ఆ నీలం ఏమిటో తెలుసా? నెత్తురు. ఎదిగే ఈక నెత్తురు తాగుతూ ఎదుగుతుంది. ముట్టుకుంటే కోడి ఉలిక్కిపడుతుంది, విరిగితే నెత్తురు బొటబొటా కారుతుంది, ఆ ఎరుపు చూసి పక్క కోళ్లు పొడవడానికి వస్తాయి. అందుకే ఈ రోజుల్లో కోళ్లను ఎక్కువగా పట్టుకోకూడదు, ఇరుకులో పెట్టకూడదు.

ఒక్కో రెక్క ఈక పూర్తిగా ఎదగడానికి ఆరు వారాల దాకా పడుతుంది. బాగా గుడ్లు పెట్టే పెట్ట మూడూ నాలుగూ ఈకలు ఒక్కసారే రాల్చేసి, రెండు మూడు నెలల్లో పని ముగించి మళ్లీ గుడ్డుకొస్తుంది. సోమరి పెట్ట ఒక్కొక్కటే రాలుస్తూ ఆరు నెలల దాకా సాగదీస్తుంది. కాబట్టి ఒక్కసారిగా బోసిగా అయిపోయిన పెట్టను చూసి భయపడి అమ్మేయకండి. ఊళ్లలో చాలామంది మంచి పెట్టల్ని పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. సంత రోజున బేరగాళ్లు అలాంటి పెట్టల్నే చవగ్గా కొనుక్కుపోతారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఈకలో ఎనభై అయిదు పాళ్ల పైన మాంసకృత్తులే. అందులోనూ గంధకం ఉన్నవి, మెథియొనిన్, సిస్టిన్ అనేవి ఎక్కువ కావాలి. గుడ్డు ఆగిందని మీరు మేత తగ్గించేశారు, ఒంటి మీద ఈక లేక రాత్రి చలికి వెచ్చదనం కోసం ఇంకాస్త ఖర్చవుతోంది, ఈకలకు కావలసిన సరుకు మేతలో లేదు. మరి ఎక్కడి నుంచి తెస్తుంది? తన కండలోంచి. ఒంటికి కాపలా కాసే కణాలూ, రోగాన్ని ఎదిరించే పదార్థాలూ తయారయ్యేది కూడా ఆ మాంసకృత్తులతోనే. ఉన్న కొద్దిదీ ఈకలకు పోతే కాపలాకి మిగిలేదేముంటుంది?

ఇదంతా పెరటి కోడి కథ. షెడ్డు కోడి కథ ఇంకా కఠినం.

అనపర్తి, తణుకు వైపు వెళ్లినవాళ్లకు పొడవాటి లేయర్ షెడ్లు కొత్త కాదు. బీవీ-300 లాంటి తెల్ల లేయర్ ఏడాదికి మూడొందల గుడ్లకు పైగా పెడుతుంది. డెబ్బై వారాలు దాటాక గుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది. అప్పుడు రైతు ముందు రెండు దారులు: బ్యాచ్ మొత్తం మాంసానికి అమ్మేసి కొత్త పిల్లల్ని తేవడం, లేదా ఉన్న కోళ్ల చేతే ఒకేసారి ఈకలు రాల్పించి, విశ్రాంతి ఇచ్చి, ఇంకో ఆరేడు నెలలు గుడ్లు తీసుకోవడం. రెండోదాన్నే మనవాళ్లు ఫోర్స్ మౌల్టింగ్ అంటారు. కొత్త పిల్ల గుడ్డుకొచ్చేదాకా నాలుగైదు నెలలు మేపాలి. గుడ్డు ధర పడిపోయిన రోజుల్లో, కార్తీకంలో జనం గుడ్డు ముట్టని నెలలో, రైతుకు ఈ దారి గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. అప్పు మీద నడిచే వ్యాపారం అది. ఆ బాధ తెలియకుండా రైతును తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ చేసే పద్ధతి ఉంది చూశారూ, దాని గురించి మాట్లాడాలి. పాత పద్ధతిలో లైట్లు తగ్గించి, పది నుంచి పద్నాలుగు రోజులు మేత పూర్తిగా ఆపేసేవాళ్లు. కోడి బరువు పాతిక, ముప్ఫై శాతం దాకా తగ్గాలి, అదీ లక్ష్యం. తొట్టి ఖాళీ. పక్క కోడి ఈకలు పీకి తినడం, రెట్టలో గింజ కోసం వెతకడం, ఇనప తీగను పొడవడం, ఇవన్నీ అప్పుడు మొదలవుతాయి. అంత ఆకలిని ఒక ప్రాణి మీద కావాలని పెట్టడం తప్పు అని చెప్పడానికి నాకు ఏ శాస్త్రవేత్తా అక్కర్లేదు. మీకూ అక్కర్లేదు. అయినా శాస్త్రం కూడా అదే మాట చెప్పింది, చాలా గట్టిగా చెప్పింది.

1980లలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ గుడ్ల వల్ల జనం ఆసుపత్రుల పాలయ్యారు. కారణం సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే బాక్టీరియా. ఈ సూక్ష్మజీవి గుడ్డు పెంకు మీద మురికిలా అంటుకుని ఊరుకోదు. కోడి అండాశయంలోకి చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపల కూచుంటుంది. కోడి మాత్రం చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. కడిగినా పోదు, కంటికీ కనబడదు.

అప్పుడు అమెరికా వ్యవసాయ శాఖకు జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో ఉన్న కోళ్ల పరిశోధన కేంద్రంలో పీటర్ హోల్ట్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఒక ప్రశ్న వేసుకున్నారు: మేత మాన్పించి ఈకలు రాల్పించిన కోళ్లలో ఈ బాక్టీరియా ఎలా నడుచుకుంటుంది? 1990లలో వరసగా చేసిన ప్రయోగాల్లో తేలింది చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మామూలుగా మేత తినే లేయర్లలో సగానికి ఈ జబ్బు అంటాలంటే ఒక్కోదానికి యాభై వేల పైచిలుకు బాక్టీరియా పట్టాల్సి వచ్చింది. మేత మాన్పించిన కోళ్లకు పదికి లోపే సరిపోయింది. రెట్టలో బయటికి పోయే బాక్టీరియా వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు పెరిగింది. పక్క పంజరాల్లో ఉన్న కోళ్లకు కూడా వేగంగా పాకింది.

ఇంకో లెక్క దీని పక్కన పెట్టండి. సాల్మొనెల్లా ఉన్న షెడ్డులో తిరిగే చుంచెలుక పెంటిక ఒక్కటి, బియ్యపు గింజంత ఉండదు, అందులో లక్ష దాకా ఈ బాక్టీరియా ఉండగలదు. పది చాలు అన్న కోడి ముందు లక్ష. అదీ ఖాళీ తొట్టిలో, ఆకలితో కనిపించినదల్లా పొడుస్తున్న కోడి ముందు. ఈకల రోజుల్లో ఎలుకల మందు, ఎలుకల బోన్లు మేతతో సమానమైన పని అని నేను అనేది ఇందుకే.

ఇంతకీ ఖాళీ కడుపుకీ జబ్బుకీ ఏమిటి సంబంధం? సాయంత్రం కోళ్లు గూట్లో చేరాక ఒక పెట్ట మెడ కింద, రొమ్ము ఎముకకు కాస్త పైన, కుడివైపు చెయ్యి పెట్టి చూడండి. తిన్న మేత మొదట నిలిచే సంచి అది. కడుపునిండా తిన్న కోడికి నిమ్మకాయంత గుండ్రంగా, నొక్కితే మెత్తని పిండిలా తగులుతుంది. లోపల గింజలు వేళ్లకు తెలుస్తాయి. ఆ సంచి గోడలకు లాక్టోబాసిల్లై అంటుకుని ఉంటాయి. మన పెరుగును తోడుపెట్టే జాతివే. మేత వచ్చినప్పుడల్లా అవి దాన్ని కొద్దిగా పులిపించి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఆ పులుపులో సాల్మొనెల్లా నిలవలేదు.

మేత ఆగిందనుకోండి. లాక్టోబాసిల్లైకి తిండి లేదు, వాటి సంఖ్య పడిపోతుంది, పులుపు తగ్గుతుంది. టెక్సాస్ పరిశోధకులు ఇంకో సంగతి కూడా కనిపెట్టారు. ఖాళీ సంచిలో ఉన్న సాల్మొనెల్లా ఒంట్లోకి చొరబడడానికి కావలసిన జన్యువును మరింత చురుగ్గా పనిచేయిస్తుంది. అంటే కాపలా తగ్గిన చోటే అది బలం పుంజుకుంటుందన్నమాట. ఆ సంచిని దాటి పేగులోకి వెళితే అక్కడా అదే పరిస్థితి. హెచ్‌ఐవీ పరీక్షల్లో మనం వినే సీడీ4 కణాలు కోళ్లకూ ఉంటాయి. మేత మాన్పించిన కోళ్ల నెత్తుట్లో అవి తగ్గిపోయినట్టు హోల్ట్ బృందం కొలిచి చూపించింది. పేగు వాపు కూడా ఆ కోళ్లలోనే ఎక్కువ.

ఈకలు రాలడం వల్లే ఇదంతా జరిగితే మనం చేయగలిగేది తక్కువే. అసలు కారణం ఖాళీ కడుపు అయితే చేయగలిగింది చాలా ఉంది. ఇదీ అసలు ప్రశ్న. జవాబు రైతుకు మేలు చేసేలానే వచ్చింది.

గోధుమ పొట్టు తెలుసు కదా, మర పట్టాక మిగిలే పొట్టు. ఆ పొట్టే మేతగా పెట్టి, మేత ఆపకుండానే ఈకలు రాల్పించవచ్చని అమెరికాలో చేసి చూశారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు తొంభై పాళ్ల పైన గోధుమ పొట్టే ఉన్న మేతను నాలుగు వారాలు పెట్టారు. కోళ్లు తిన్నాయి, గుడ్లు ఆపాయి, ఈకలు రాల్చాయి, తిరిగి గుడ్డుకొచ్చాక పస్తున్న కోళ్లకు ఏమీ తీసిపోలేదు. అలా పొట్టు తిన్న కోళ్లలో సాల్మొనెల్లా పస్తున్నవాటి కంటే బాగా తక్కువని హోల్ట్ బృందమే చూపించింది. టెక్సాస్‌లో లూసర్న్ గడ్డిని ఎండబెట్టి పొడి చేసి పెట్టారు. ఆ కోళ్ల మేత సంచిలో లాక్టోబాసిల్లై నిలబడ్డాయి, జబ్బూ తగ్గింది.

కిటుకు ఏమిటంటే, కడుపు నిండాలి గానీ ఒంట్లో కొవ్వు చేరకూడదు. పీచు ఎక్కువ, శక్తి తక్కువ, సున్నం తక్కువ. శక్తి తక్కువ కాబట్టి గుడ్డు ఆగుతుంది. పీచు ఉంది కాబట్టి సంచి ఖాళీ కాదు, పులుపు పోదు, కోడికి పొద్దంతా పొడుచుకోవడానికి తొట్టిలో ఏదో ఒకటి ఉంటుంది. పక్కదాని ఈకలు పీకే అవసరం రాదు.

మన దగ్గర ఇదే పని నూనె తీసిన తవుడుతో, గోధుమ పొట్టుతో చేయవచ్చు. రెండూ మన షెడ్లకు అలవాటైన సరుకులే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మిల్లు నుంచి వచ్చే పచ్చి తవుడు వేరు, నూనె తీసిన తవుడు వేరు. పచ్చి తవుడులో నూనె చాలా ఉంటుంది. ఒకటి, దాంతో శక్తి తగ్గదు. రెండు, రోజుల్లోనే కారు వాసన పడుతుంది. కారు వాసన పట్టిన నూనె మేతలోని ఇ విటమిన్‌ను తినేస్తుంది. రోగాన్ని ఎదిరించడానికి కోడికి ముఖ్యమైన విటమిన్లలో అదొకటి. కాబట్టి తవుడు గుప్పెట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. కమ్మటి వాసన రాకపోతే కోడికి పెట్టకండి. ఇంకో సంగతి, ఉప్పు, విటమిన్లు, ఖనిజాల మిశ్రమం మాత్రం ఆపొద్దు. పొట్టు ఒక్కటే పెట్టి అదే పథ్యం అనుకుంటే కోడి జబ్బు పడుతుంది. అమెరికా లెక్కను యథాతథంగా దించేయకుండా మన సరుకు పరీక్ష చేయించి, పశువైద్యుడితో పాళ్లు వేయించుకోవడం మంచిది.

ఈకల మేత మొదలుపెట్టే ముందు రెండు పనులు. నలతగా ఉన్నవాటిని, తేలిగ్గా ఉన్నవాటిని వేరు చేయాలి. బరువు తక్కువ కోడి ఈ పథ్యం తట్టుకోలేదు. కొక్కెర తెగులు టీకా బాకీ ఉంటే ముందే వేయించాలి. ఒళ్లు బలహీనంగా ఉన్నప్పుడు టీకా వేస్తే ఆశించినంత బలం రాదు, కోడికి అదో భారం. నులిపురుగుల మందూ ముందే.

మెక్‌డొనాల్డ్స్ 2000లో మేత మాన్పించిన కోళ్ల గుడ్లు కొనబోమని ప్రకటించింది. అమెరికా గుడ్ల ఉత్పత్తిదారుల సంఘం తమ ముద్ర వేసుకునే షెడ్లలో మేత ఆపే పద్ధతిని 2006 జనవరి 1 నుంచి మాన్పించింది. మన భారత జంతు సంక్షేమ మండలి 2011లో ఆకలితో చేసే ఫోర్స్ మౌల్టింగ్ ఆపమని చెప్పింది, 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద అది తప్పు అని. మేత మాన్పించకుండా చేయగలిగే దారి చేతిలో ఉండగా, పాత దారిలో ఇంకా ఎందుకు నడవాలో నాకైతే అర్థం కాదు. అంగన్‌వాడీలో పసిపిల్ల చేతికి మనం ఇచ్చే గుడ్డు ఈ షెడ్ల నుంచి వచ్చేదే కదా.

మందులతో సరిపెట్టుకుందామనే ఆలోచన కూడా వద్దు. ఈకల రోజుల్లో ఎందుకైనా మంచిదని నీళ్లలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ మందుకు లొంగని బాక్టీరియాను మనమే పెంచి, గుడ్డు ద్వారా ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది. మనుషులకు చివరి ఆశగా దాచుకునే కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది. ఆ నిషేధం వెనక ఉన్న భయం నిజమైనది.

సరే, మళ్లీ పెరట్లోకి వద్దాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, గమనించండి. షెడ్డులో రైతు కావాలని గుడ్డు ఆపిస్తాడు కాబట్టి శక్తి తగ్గిస్తాడు. పెరట్లో కోడి తనంతట తనే ఆపేసింది. దాన్ని ఇంకా తగ్గించాల్సిన పని లేదు, పైగా ఈకలకు సరుకు అందించాలి. పెరటి కోడికి ఈ రోజుల్లో పథ్యం కాదు, పుష్టి కావాలి.

మాంసకృత్తుల్లో గంధకం ఉన్నవి కావాలన్నాను కదా. వేరుశనగ చెక్కలో అవి తక్కువ, నువ్వుల చెక్కలో ఎక్కువ. గానుగ దగ్గర దొరికే నువ్వుల చెక్క కొద్దిగా కొట్టి, నూకల్లోనో జొన్నల్లోనో కలిపి పెట్టండి. ఉప్పు పట్టని ఎండు చేపలు దొరికితే మరీ మంచిది, దంచి గుప్పెడు చాలు. ఉప్పు చేపలు వద్దు, కోడి ఉప్పును తట్టుకోలేదు. తొలకరి తరవాత చెదలు దొరికే చోట ఒక పాత కుండలో పేడ, గడ్డి వేసి బోర్లించి చెదలు పట్టించి కోడిపిల్లలకు పెట్టడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉంది. ఈకల కోడికి అంతకంటే మంచి విందు లేదు. మునగాకు, తోటకూర సన్నగా తరిగి పెట్టండి. నీటి తొట్టి ఉన్నవాళ్లు అజొల్లా పెంచుకోవచ్చు.

పందెం పుంజులు పెంచేవాళ్ల సంగతి ఒకటి చెబుతాను. ఆ పందేలను నేను ఏ రకంగానూ సమర్థించను. కానీ పుంజుకు కొత్త ఈకలు వచ్చే రోజుల్లో ఆ మనిషి పెట్టే తిండి చూడండి: ఉడికించిన గుడ్డు, బాదం, ఖైమా. ఈకల కాలంలో తిండి తగ్గితే ఒంట్లో సత్తువ రాదని అతనికి తెలుసు. అదే మనిషి ఇంట్లో గుడ్ల పెట్టకు మాత్రం ఆ రోజుల్లో గింజలు తగ్గిపోతాయి. పెట్ట ఏం పాపం చేసింది చెప్పండి?

బూజు గురించి మాట్లాడకుండా ఈ కబుర్లు పూర్తికావు. మన దగ్గర ఈకలు రాలే కాలమూ, వాన తడికి సరుకు పాడయ్యే కాలమూ పక్కపక్కనే వస్తాయి. తడిసిన మొక్కజొన్న, తేమ తగిలిన వేరుశనగ చెక్క మీద పచ్చటి బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషం వదులుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో టర్కీ కోళ్లు వేలకు వేలు చచ్చిపోతే కారణం వెతికి వెతికి ఈ విషాన్ని కనిపెట్టారు. అవి తిన్న మేతలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క ఉంది. పెద్ద మోతాదులో కాలేయం చెడుతుంది. చిన్న మోతాదులో చావదు గానీ రోగ నిరోధక శక్తి కుంగిపోతుంది, వేసిన టీకా కూడా సరిగ్గా పట్టదు. ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. "మనం తినం, కోళ్లకు పోద్దాం" అని బూజు పట్టిన గింజలు పక్కన పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. ఈకలు రాలుస్తున్న కోడికి అది పోయడమంటే కాపలావాడి చేతులు కట్టేసి తలుపు తీయడమే. దయచేసి పారేయండి.

మజ్జిగ సంగతి అడుగుతారని తెలుసు. నాటు కోళ్లకు పుల్ల మజ్జిగ పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. పాలలోని చక్కెర, లాక్టోజ్ అంటారే, దాన్ని కోడి అరిగించుకోలేదు. అది కింది పేగుదాకా వెళ్లి అక్కడి మంచి బాక్టీరియాకు తిండి అవుతుంది. 1997లో అమెరికాలో ఈకలు రాల్చే లేయర్లకు లాక్టోజ్ ఇచ్చి చూస్తే సాల్మొనెల్లా తక్కువ పట్టింది. ఆ ప్రయోగం మజ్జిగ మీద చేసింది కాదు కాబట్టి మజ్జిగ మందు అని నేను చెప్పను. పలచగా, కొద్దిగా, రోజు విడిచి రోజు పోస్తే నష్టం లేదు. ఎక్కువ పోస్తే మాత్రం పారుతుంది, గూడు తడిసి చెడుతుంది.

నీళ్ల గురించి ఒక్క మాట. ఏం తగ్గించినా నీళ్లు ఆపకూడదు, షెడ్డులోనైనా పెరట్లోనైనా. చిప్పలు రోజూ తోమి కడిగి పెట్టండి. లోపల జిడ్డుగా పాకుడు తగిలిందంటే కోళ్లు బాక్టీరియా తాగుతున్నట్టే.

ఇక ఎన్నాళ్లు? కొత్త ఈకల మీది తెల్ల పొర విప్పారి, తురాయి మళ్లీ ఎర్రబారడం మొదలయ్యేదాకా. ఆ ఎరుపు కనిపించిన రోజు నుంచి సున్నం పెంచండి: ఆల్చిప్పల పొడిగానీ షెల్ గ్రిట్ గానీ ఒక చిన్న చిప్పలో విడిగా పెడితే కావలసినంత అదే తింటుంది. ఇంట్లో గుడ్డు పెంకులు వాడేవాళ్లు పెనం మీద బాగా వేయించి పొడిచేసి వేయాలి, పచ్చిగా వద్దు. షెడ్డులో లైటు ఒక్కసారిగా కాకుండా వారం వారం పెంచుకుంటూ పదహారు గంటలకు తేవాలి, మేత కూడా అలాగే మెల్లగా లేయర్ మేతకు మార్చాలి.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2009లో తెచ్చిన గుడ్ల నిబంధనల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. ఈకల కాలం ముగిశాక నాలుగు నుంచి ఆరు వారాల మధ్య షెడ్డులో సాల్మొనెల్లా ఉందో లేదో తప్పనిసరిగా పరీక్ష చేయించాలని. ఆ కాలమే అతి ప్రమాదకరమని చట్టమే ఒప్పుకుందన్నమాట. మన దగ్గరా పెద్ద షెడ్ల వాళ్లు రెట్ట నమూనాలు ఆ వారాల్లోనే పరీక్షకు పంపిస్తే, ఖర్చు కొద్ది, గుండె ధైర్యం చాలా. పెరటివాళ్లు మాత్రం తిరిగి గుడ్డుకొచ్చిన పెట్ట తొలి గుడ్లను హాఫ్ బాయిల్ చేయకుండా, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినండి. గూట్లో గడ్డి మార్చి, రాలిన ఈకలన్నీ తీసి కాల్చేయండి. గుడ్డు మీద రెట్ట ఉంటే నీళ్లలో నానబెట్టొద్దు, పొడి గుడ్డతో తుడవండి. చల్లటి నీళ్లలో నానితే పెంకు రంధ్రాల్లోంచి మురికి లోపలికి పోతుంది.